తెల్లని కోకిల

కోయిల కూత వినని తెలుగువాడు ఉండడు. దసమంతపూరు కొండలలో మామిడి చిగిర్చిన వేళ ఆ కూత లోయ దాటి వినవచ్చును. కొరాపుట్ సీమ 1936లో మద్రాసు రాజధానినుండి విడివడి నాటి ఒరిస్సాలో చేరినను, అచ్చటి తెలుగు కుటుంబములకు ఉగాది యనిన కోయిలయే జ్ఞప్తికి వచ్చును. కవులకు అది వసంతదూత. ధర్మమార్గమున నడచువానికి అది చెప్పునదేమి?

పోతన మహాకవి ప్రహ్లాద చరిత్రమున హరిభక్తుని మనస్సును మామిడి చిగుళ్లు మేసిన కోయిలతో పోల్చెను. ఆ రుచి మరగిన పక్షి కొడిసె చెట్టును చేరదు. పారశీక దేశపు సూఫీ కవి అత్తారు 12వ శతాబ్దిలో పక్షుల యాత్రను కావ్యముగా వ్రాసెను. అందులో బుల్‌బుల్ పిట్ట గులాబిని విడువలేక, పక్షిరాజును వెదకు యాత్రకు రాజాలనని చెప్పును. ఒకచోట గానపక్షి భక్తికి గుర్తు; వేరొకచోట మమకారమునకు గుర్తు. రాగమను మాటకు పాట యనియు, ఆసక్తి యనియు రెండర్థములు కలవు గదా!

జైనాగమములలోని కోకిల ఈ రెంటికంటె భిన్నమైనది. వర్ధమాన మహావీరస్వామి కేవలజ్ఞానము కలుగకముందు, సాధన దశలో పది స్వప్నములను గాంచెనని భగవతీ సూత్రము తెలుపుచున్నది. వానిలో ఒకటి తెల్లని రెక్కల మగకోకిల. దాని వెంటనే చిత్రవిచిత్ర వర్ణముల రెక్కలుగల మగకోకిల.

లోకములో మగకోకిల నల్లనిది. వసంతమున ఎలుగెత్తి కూయునది అదియే. జోడు కొరకే ఆ కూత. అనగా రాగము నుండి పుట్టిన గానము. స్వామి కలలో ఆ నల్లని పక్షియే తెల్లనయ్యెను. ఆర్త, రౌద్ర, ధర్మ, శుక్లములను నాలుగు ధ్యానములలో కడపటిదగు శుక్లధ్యానమునకు అది సూచన. రంగురంగుల కోకిల, స్వామి పిదప ఉపదేశింపనున్న ద్వాదశాంగములకు సూచన.

ఈ వరుసను గమనింపవలెను. మొదట తెలుపు, తరువాత పలుకు. లోపలి మలినము తొలగిన పిమ్మటనే ఉపదేశము. గృహస్థునకును ఇదియే పాఠము. అంగడిలో కూర్చున్నవాడు గిరాకీ కొరకు కోయిలవలె తీయగా పలుకవచ్చును. కాని తూకములో లోపమున్నచో ఆ తీపి రాగమేగాని సత్యము కాదు.

పాటను ప్రేమించుటకును ఒక పరీక్ష కలదు. మనుష్యుని పలుకును అనుకరించు కొండ గోరువంకను పంజరమునకై పట్టుట చిరకాలముగా నున్న అలవాటు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నిషేధించినది. అంతకు ఎన్నో శతాబ్దుల పూర్వమే తత్త్వార్థ సూత్రము అహింసావ్రతమునకు గల ఐదు అతిచారములలో మొదటిదిగా బంధమును, అనగా ప్రాణిని కట్టి యుంచుటను, పేర్కొన్నది. గింజలు పెట్టి, నీరు పోసి, ముద్దుగా పెంచినను పంజరము బంధమే. ఢిల్లీలో ఎర్రకోట యెదుటనున్న జైన లాల్ మందిరపు పక్షుల వైద్యశాలలో, నయమైన పక్షిని ఆకాశమునకు విడుచుట నియమము.

పాట నాది కావలెననుట రాగము. పాడునది సుఖముగా ఉండవలెననుట దయ. పంజరమున్న ఇంట దాని తలుపు తెరచుటయే ఆ తెల్లని కోకిలను తలచుకొనుట.