పల్లపు చేను అడిగే ప్రశ్న

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. పీహెచ్‌డీలో చేరనా, ఉద్యోగం చూసుకోనా అని అడిగావు కానీ నీ అసలు సందేహం చివరి వాక్యంలో ఉంది. వానలు ఇలా గతి తప్పుతుంటే, యూనివర్సిటీలో కూర్చుని పేపర్లు రాసేవాళ్ళ వల్ల రైతుకు ఒరిగేదేమిటని. మంచి సందేహమే. దానికి జవాబుగా ఒక వరి వంగడం సంగతి చెబుతాను.

స్వర్ణ నీకు తెలిసిందే. మన మార్టేరు పరిశోధన కేంద్రంలో వశిష్ఠను, మసూరిని సంకరపరిచి తీసిన రకం. కాగితాల మీద ఎంటీయూ 7029. గోదావరి జిల్లాల్లో పుట్టి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా పాకింది. దానికి ఒక పెద్ద లోపం ఉంది. నాట్లయిన కొత్తలో చేను వారం పది రోజులు పూర్తిగా మునిగితే ఇక ఆశ వదులుకోవాల్సిందే. ఎందుకంటే మునిగిన మొక్క గాలి కోసం గబగబా పైకి సాగుతుంది. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థమంతా ఆ సాగడానికే ఖర్చయిపోతుంది. నీరు తీసేసరికి నిలబడే సత్తువ ఉండదు, వాలిపోయి కుళ్ళిపోతుంది.

ఒడిశాలో ఒక నాటు రకం నుంచి ఏరిన ఎఫ్‌ఆర్ 13ఎ తీరు వేరు. నీట మునగగానే ఎదుగుదల ఆపేస్తుంది. ఊపిరి బిగబట్టినట్టు రెండు వారాల దాకా ఓర్చుకుని, నీరు దిగాక మళ్ళీ చిగురు వేస్తుంది. దిగుబడి మాత్రం అంతంతమాత్రం. ఆ ఓర్పును మంచి రకాల్లోకి తేవాలని చాలామంది సంకరాలు చేశారు. ఓర్పుతోపాటు నాటు రకం అవలక్షణాలూ వచ్చి పడేవి.

చిక్కుముడి విప్పింది యూనివర్సిటీలే. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ ఈ గుణం తొమ్మిదో క్రోమోజోము మీద ఎక్కడుందో 1996లో చూపించారు. అక్కడి పమేలా రోనాల్డ్ బృందంతో కలిసి, సబ్‌1ఎ అనే జన్యువే దీనికి మూలమని 2006లో తేల్చారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ ఒక్క ముక్కను స్వర్ణలోకి తెచ్చింది. జన్యుమార్పిడి కాదు సుమా! మామూలు సంకరమే. పిల్ల మొక్కల్లో ఆ జన్యువు ఉన్నవేవో పరీక్ష చేసి చూసి, వాటినే మళ్ళీ మళ్ళీ స్వర్ణతో కలుపుతూ పోయారు. అలా పుట్టిన స్వర్ణ సబ్‌1 మన దేశంలో విడుదలైంది 2009లో. జన్యువు జాడ తెలిశాక పదమూడేళ్ళు! ఈ ఓపిక నీకుందా లేదా అన్నది నువ్వే చూసుకోవాలి.

నాకు ఇంకా నచ్చింది ఆ తర్వాతి పని. బర్క్‌లీ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు, వరి సంస్థవాళ్ళు కలిసి ఒడిశాలో చీటీ పద్ధతిన కొన్ని ఊళ్ళను ఎంచి రైతులకు ఈ విత్తనం ఇచ్చారు. తక్కిన ఊళ్ళతో పోల్చి చూశారు. పది రోజులు మునిగిన చేలల్లో స్వర్ణ కన్నా దాదాపు 45 శాతం ఎక్కువ పండింది. మునగని చోట దిగుబడేమీ తగ్గలేదు. అంతకన్నా ముఖ్యం, ఎక్కువ మేలు జరిగింది దళిత రైతులకు. ఎందుకంటే తరతరాలుగా వాళ్ళకు దక్కింది పల్లపు భూములే. మునకొస్తే అంతా పోతుందన్న భయం తగ్గాక రైతులు ఎరువు మీదా నాట్ల మీదా ఖర్చు పెంచారని తర్వాతి అధ్యయనంలో తేలింది. ఈ సంగతులు ల్యాబులో కూర్చుంటే తెలిసేవా?

అలాగని సబ్‌1 సర్వరోగ నివారిణి కాదు. ఆ జన్యువు కాపాడేది ఎదిగే దశలోని పైరునే. మన డెల్టాలో అక్టోబరు, నవంబరు తుఫానులకు ఈనిన చేను, కోతకొచ్చిన చేను పడిపోతుంటే అది చేయగలిగిందేమీ లేదు. నెలల తరబడి మోకాలి లోతు నీరు నిలిచే చోటా అంతే. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్ళ గోడులో గిట్టుబాటు ధరతోపాటు మురుగు కాలువలూ ఉన్నాయి. పూడిపోయిన కాలువకు జన్యువు మందు కాదు. ఆ మాట అంకెలతో సహా ప్రభుత్వం ముందు పెట్టడమూ పరిశోధనే. నన్నడిగితే మన యూనివర్సిటీలు ఇందులో చేయాల్సినంత చేయలేదు.

కాబట్టి చేరు. కానీ థీసిస్ అంశం ఖాయం చేసుకునే ముందు ఒక పని చెయ్యి. సార్వా నాట్లప్పుడు ఊరొచ్చి, మురుగు కాలువ దిగువన పల్లపు చేలు కౌలుకు చేసేవాళ్ళ దగ్గర కూర్చో. నీరు ఏ కార్తెలో వస్తోంది, ఎన్నాళ్ళు నిలుస్తోంది, ఎటు పోలేకపోతోంది అని అడుగు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, ఆ కాగితం పట్టుకుని మీ గైడు దగ్గరికి వెళ్ళు.

ఆశీస్సులతో,
పెదనాన్న