చలికాలంలో పియానో శ్రుతి ఎందుకు తప్పుతుంది?



చికాగోలోనో టొరంటోలోనో ఉండే మీ అన్నయ్య కూతురు పియానో నేర్చుకుంటోందనుకోండి. జనవరిలో ఒకరోజు "ఇది సరిగ్గా పలకడం లేదు" అంటుంది. "ప్రాక్టీసు ఎగ్గొట్టడానికి సాకు" అనేస్తారు పెద్దవాళ్లు. కానీ ఆ పాప చెప్పింది నిజమే కావచ్చు.

చలికి లోహం ఏమవుతుందో మీ పిల్లల్ని అడగండి. "సంకోచిస్తుంది" అంటారు. అలా చూస్తే పియానో తీగలు బిగుసుకుని శ్రుతి పెరగాలి. మొదట కొద్దిగా పెరుగుతుంది కూడా. అయితే తీగల్ని మోసే ఇనుప చట్రం కూడా నెమ్మదిగా సంకోచించడంతో ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. మరి చలికాలంలో శ్రుతి దిగడమెందుకు?

అసలు కారణం: తేమ

తీగల కింద సౌండ్‌బోర్డ్ అనే పలుచని చెక్క ఉంటుంది. అది మధ్యలో కాస్త పైకి ఉబ్బి తీగల్ని నెడుతూ ఉంటుంది. వానాకాలంలో మన ఇంటి తలుపులు ఉబ్బి బిగుసుకోవడం, ఎండాకాలంలో వదులవడం చూస్తుంటాం కదా! ఈ చెక్క గుణమూ అదే.

0 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలిలో సుమారు 5 గ్రాముల నీటి ఆవిరే పడుతుంది. ఆ గాలి ఇంట్లోకి వచ్చి హీటర్‌తో 20 డిగ్రీలకు వేడెక్కితే 17 గ్రాములు పట్టే చోటు ఏర్పడుతుంది. ఉన్నది మాత్రం ఆ 5 గ్రాములే. అంటే తేమ 30 శాతం లోపే! ఆ పొడిగాలి చెక్కలోని తేమను లాగేస్తుంది. ఉబ్బు తగ్గి, తీగలు వదులై, శ్రుతి దిగుతుంది. అన్ని స్వరాలూ సమానంగా దిగవు కాబట్టి పాట అపస్వరంగా వినిపిస్తుంది.

జాగ్రత్తలు

• పియానోను హీటర్, ఏసీ, కిటికీల పక్కన పెట్టవద్దు.
• గదిలో తేమ 40–50 శాతం దగ్గర నిలకడగా ఉండేలా చూడాలి.
• చలిలో తరలించిన పియానోను వెంటనే ట్యూన్ చేయించకుండా, కొత్త గదికి అలవాటు పడేవరకు ఆగాలి.

ఇంట్లో చేసి చూడండి

తీగలు లేని ఎలక్ట్రానిక్ కీబోర్డుకు ఈ బాధ లేదు. గిటార్ ఉంటే హాల్లో శ్రుతి చేసి, ఏసీ గదిలో పది నిమిషాలు ఉంచి, ట్యూనర్ యాప్‌తో మళ్లీ చూడండి. తీగలు చల్లబడి శ్రుతి సాధారణంగా కాస్త పైకి జరుగుతుంది.

ఈసారి మీ పాపో బాబో "ఏదో తేడాగా ఉంది" అంటే కోప్పడకండి. పక్కన కూర్చుని, కలిసి కొలిచి చూడండి.