బూరుగు పువ్వుతో తెలుగు పాఠం

ఢిల్లీ బళ్లలో చిన్న తరగతులకు తెలుగు చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లను మొదట వేధించే ప్రశ్న ఒకటే: ఇంట్లో సగం హిందీ, బడిలో ఇంగ్లీషు నడిచే పిల్లల చేత తెలుగులో నాలుగు వాక్యాలు రాయించడం ఎలా? నేను చెప్పేది ఇంతే. పలక, పుస్తకం తీయించే ముందు చేతిలో ఒక పువ్వు పెట్టండి. చూసి బొమ్మ గీయమనండి. గీసినదాని గురించే రాయమనండి.

1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పుట్టిన నాటినుంచీ ఈ నగరంలో తెలుగు పిల్లల చదువుకు ఒక చోటు ఉంది. అయితే ఇప్పుడు మన ముందు కూర్చునే పిల్లల్లో చాలామంది ఇక్కడే పుట్టి పెరుగుతున్నవాళ్లు. తంగేడు, గునుగు బతుకమ్మ పాటల్లో వినడమే గానీ రోజూ కంటబడవు. కాబట్టి వాచకంలో తామర బొమ్మ ఉంది కదా అని దానితో మొదలుపెట్టకండి. బడి దారిలో రాలి ఉన్న పువ్వుతో మొదలుపెట్టండి.

నన్నడిగితే బూరుగుకు మించిన పువ్వు లేదు. ఇక్కడివాళ్లు సేమల్ అంటారు. ఫిబ్రవరి చివర, మార్చిలో ఆకులన్నీ రాల్చేసిన కొమ్మల మీద ఎర్రగా పూస్తుంది. పువ్వు రేకులు విడిపోకుండా మొత్తంగా కింద పడుతుంది. కోయక్కర్లేదు, ఏరుకుంటే చాలు. అరచేయంత పువ్వు, అయిదు మందపాటి రేకులు, మధ్యలో గుత్తులు గుత్తులుగా కేసరాలు. ఒకటో తరగతి పిల్ల కూడా రేకులు లెక్కపెట్టగలదు, చేత్తో తడిమి చూడగలదు. ముందు అయిదు నిమిషాలు గీయడం వద్దు, చూడటమే. తర్వాత పెన్సిల్‌తో బొమ్మ. రంగులు చివర ఇవ్వండి. ముందే ఇస్తే కాగితం నిండా ఎరుపు పూసేసి, తొడిమ ఎలా ఉందో చూడటం మానేస్తారు.

బొమ్మ పూర్తయ్యాక భాగాల పేర్లు రాయించండి: రేకు, కాడ, మొగ్గ, కేసరం, పుప్పొడి. ఆ తర్వాత వాక్యాలు. ‘పువ్వు అందంగా ఉంది’ అనే వాక్యం మాత్రం ఆ రోజుకు వద్దని ముందే చెప్పండి. ఆ ఒక్కటీ పక్కన పెడితే పిల్లలకు నిజంగా చెప్పవలసినవి దొరుకుతాయి. ముట్టుకుంటే ఎలా ఉంది? వాసన ఉందా? చెట్టు మీద ఏ పిట్టలు వాలాయి? రెండో తరగతికి రెండు వాక్యాలు, నాలుగో తరగతికి అయిదారు చాలు. రాయలేని పిల్ల చెబుతుంటే మీరు రాయండి, దాన్ని ఆమె చూసి రాస్తుంది. హిందీ మాట ‘గేందా’ను తెలుగు అక్షరాల్లో రాసిన పిల్లాడికి తప్పు పెట్టకండి, పక్కన ‘బంతి’ అని రాసి ఇవ్వండి.

మిగతా ఏడాదికీ పూలున్నాయి. రేల, ఇక్కడి అమల్తాస్, వేసవి సెలవులకు కాస్త ముందు మొదలవుతుంది, చేజార్చుకోకండి. సెప్టెంబరు, అక్టోబరులో పారిజాతాలు తెల్లవారేసరికి నేల మీదుంటాయి. వాటి నారింజ కాడను కాగితం మీద రుద్దితే రంగు దిగుతుంది. బంతి, చామంతి దసరా నుంచి చలికాలమంతా దొరుకుతాయి. ఎక్కువ కావాలంటే గాజీపుర్ పూల మండీ ఉంది, పొద్దున్నే వెళ్లాలి. బంతిని విప్పించండి. ఒక పువ్వు అనుకున్నది చాలా చిన్న పూల గుత్తి అని పిల్లలు తమంతట తామే కనిపెట్టినప్పుడు రాసే వాక్యాలు వేరుగా ఉంటాయి. పై తరగతులకు ఎర్ర మందారం. రేకులు కాగితానికి రుద్ది, ఒక చోట నిమ్మరసం, ఇంకోచోట సబ్బునీళ్లు వేస్తే ఒకటి గులాబీ రంగుకు, ఒకటి ఆకుపచ్చకు తిరుగుతుంది. ఏం చేశాం, ఏమైంది అని వరసగా రాయించడానికి ఇంతకంటే మంచి సందర్భం నాకు తెలియదు. మెహ్రౌలీలో జరిగే ఫూల్‌వాలోం కీ సైర్ అనే పూల ఉత్సవం గురించి చెప్పి, పూల పంఖాలు (విసనకర్రలు) గుడికీ దర్గాకూ వెళ్లే ఊరేగింపును గీయించవచ్చు.

జాగ్రత్తలు: పార్కుల్లో కోయనివ్వకండి. గన్నేరు, ఉమ్మెత్త విషం, ఈ నగరంలో గన్నేరు రోడ్ల మధ్యనే పూస్తుంది, తరగతిలోకి రానివ్వకండి. పుప్పొడి పడనివాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఎవరో తల్లిదండ్రులను ముందే అడిగి తెలుసుకోండి. పని అయ్యాక అందరూ చేతులు కడుక్కోవాలి.

పొగమంచు రోజుల్లో బడి మూసి ఆన్‌లైన్ పాఠాలు పెట్టినా ఇది ఆగనక్కర్లేదు. ఇంట్లో దేవుడి పటం ముందున్న పువ్వును పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గీసి, ఏం మారిందో రాయమనండి. వాడటం, ముడుచుకోవడం, రంగు తగ్గడం వంటి మాటలు అప్పుడు అవసరమై వస్తాయి.

దిద్దేటప్పుడు బొమ్మ మీద ఎర్ర సిరా పెట్టకండి. ఒక కాగితంలో ఒక్క తప్పే దిద్దండి, ఒత్తో దీర్ఘమో. కాగితం మూలన తేదీ, పువ్వు దొరికిన చోటు రాయించి దాచండి. తల్లిదండ్రుల సమావేశం నాడు మార్కుల కన్నా ముందు ఆ కాగితాలు వాళ్ల చేతికివ్వండి. జూలైలో రాసిన వాక్యాన్నీ మార్చిలో రాసినదాన్నీ పక్కపక్కన చూపించి మాట్లాడండి.