గాజులు కుదువ పెట్టకు చెల్లీ!

ముందు చాయ్ తాగు, చల్లారిపోతోంది. సరూర్‌నగర్‌లో స్టాల్ తీసుకున్నావు, జనపనార సంచులు కుట్టి ఇల్లంతా నింపావు, ఇప్పుడేమో "అక్కా, ఆఖరి నిమిషంలో ఎగ్జిబిషన్ రద్దయితే?" అని నిద్ర మానుకున్నావు. అది ఉత్త భయమని నేననను. మనం చూడలేదా ఏంటి?

2021లో కరోనాతో నాంపల్లి నుమాయిష్ జరగనే లేదు. 2022లో ఇంకా పెద్ద దెబ్బ. జనవరి 1న తెరిచారు, ఒమిక్రాన్ భయంతో రెండు రోజులకే మూసేశారు. మళ్లీ తెరిచింది ఫిబ్రవరి 25న! సరుకు దించుకుని, స్టాల్ సర్దుకున్నాక వచ్చిన కష్టం అది. శాలువాలు, స్వెటర్లు తెచ్చినవాళ్లను తలుచుకో. ఎల్బీ నగర్‌లో ఫ్యాన్లు తిరిగే రోజుల్లో శాలువా ఎవరు అడుగుతారు? గిరాకీ ఆగింది గానీ గది అద్దె ఆగిందా? పనివాళ్ల కూడు ఆగిందా? అప్పు మీద వడ్డీ ఆగిందా? అమ్మినవాళ్ల చేతికి డబ్బు రాకపోతే నేసినవాళ్లకు, రంగులద్దినవాళ్లకు బాకీ అలాగే ఉండిపోతుంది. తర్వాతి ఆర్డరూ రాదు.

ఆ దెబ్బ అమ్మేవాళ్లతోనే ఆగదు. అసలు నుమాయిష్ పుట్టిందే లెక్కల కోసం, తెలుసా? 1938లో ఉస్మానియా పట్టభద్రులు సంస్థానం ఆర్థిక స్థితిగతులను సర్వే చేయడానికి డబ్బు కావాలని దాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ రాబడి చదువులకు పోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి మన ఆడపిల్లలు వెళ్లే సరోజినీ నాయుడు వనితా కాలేజీ నుమాయిష్ నడిపే సొసైటీదే.

సరే, ఇక నీ సంగతి. స్టాల్ కోసం గాజులు కుదువ పెడతానన్నావే, ఆ మాట మళ్లీ నా దగ్గర అనకు. కుట్టిన వాటిలో సగమే స్టాల్‌కు పంపు. మిగతావి కూరగాయల సంచులుగానో, పేరంటం వాయనాలకు పనికొచ్చేలాగానో మార్చు, ఏ నెలైనా పోతాయి. కొన్నవాళ్లందరి ఫోన్ నంబరూ పుస్తకంలో రాసుకో. మైదానం మూసినా ఆ పుస్తకం మూయరుగా!

కొనేవాళ్లం కూడా మనమే కదా. రద్దయిందని తెలిస్తే "అయ్యో" అని ఊరుకోవద్దు. కిందటేడు ఒకామె దగ్గర చీర కొన్నామే, ఆమెకు ఫోన్ చేద్దాం. ఉప్పల్ శిల్పారామానికి పిల్లల్ని తీసుకెళ్దాం. విజయవాడ దారి పడితే పోచంపల్లి మనకెంత దూరమని? మగ్గం దగ్గరే కొనుక్కొచ్చుకుందాం. అక్కడ మరీ గీచి గీచి బేరమాడకు, నాకు నచ్చదు.

ఇంకో కప్పు పొయ్యనా? ఆ స్టాల్ కాగితం ఇటు తియ్యి. రద్దయితే అడ్వాన్స్ వెనక్కిస్తారో లేదో ఎక్కడ రాశారో చూద్దాం. లేకపోతే రేపు పొద్దున ఇద్దరం వెళ్లి రాయించుకొద్దాం.