ఫోన్ ఎవరి పేరున ఉంది, ఎవరి చేతిలో ఉంది?

దివ్య ఖుర్ఆన్‌లోని ‘అన్ నిసా’ సూరా 6వ ఆయత్ అనాథల ఆస్తి గురించి చెబుతుంది. వాళ్లకు వయసు వచ్చేవరకు పరీక్షిస్తూ ఉండాలని, వివేకం కనిపించాకే ఆస్తిని సాక్షుల ఎదుట అప్పగించాలని దాని సారాంశం. అంటే వయసు ఒక్కటే చాలదు, ‘రుష్ద్’ కూడా ఉండాలి. వయసు లెక్కపెట్టడం ఎవరికైనా వచ్చు. పిల్లవాడికి మంచిచెడ్డలు తెలిశాయా లేదా అన్నది మాత్రం పక్కనుండి చూసే సంరక్షకుడికే తెలుస్తుంది.

ఇంటర్నెట్‌లో వయసు తనిఖీ చట్టాల గురించి చదివినప్పుడల్లా నాకు ఈ ఆయత్ గుర్తుకొస్తుంది.

మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని 9వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు వారి వివరాలు తీసుకోవాలంటే కంపెనీలు తల్లి లేదా తండ్రి సమ్మతి పొందాలి. పిల్లలు ఏం చూస్తున్నారో వెంటాడి గమనించకూడదు, దాన్నిబట్టి వాళ్లకు ప్రకటనలు వేయకూడదు. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలు వీటిని పాటించడానికి 18 నెలల గడువిచ్చారు. వెంటాడొద్దు, ప్రకటనలు వేయొద్దు అన్న భాగం నిజంగా మంచిది. అది కంపెనీ చేతులు కడుతుంది, పిల్లవాడి నిజాయితీతో దానికి పని లేదు.

చిక్కంతా సమ్మతి దగ్గరే. నియమాల్లో ఇచ్చిన మొదటి ఉదాహరణే చూడండి: ‘నేను మైనర్‌ని’ అని పిల్లే కంపెనీకి చెబుతుంది. అక్కడినుంచి తనిఖీ మొదలవుతుంది. చెప్పకపోతే? పోనీ చెప్పిందనుకుందాం. తల్లినంటూ ముందుకొచ్చిన మనిషి పెద్దవారేనా అని కంపెనీ తమ దగ్గరున్న వివరాలతోనో, డిజిలాకర్ వంటి వాటి ద్వారానో సరిచూస్తుంది. ఆమె నిజంగా ఆ పిల్ల తల్లేనా అన్నది ఆ తనిఖీలో తేలదు.

ఇప్పుడు ఈ నియమాన్ని మన ఖాజాగూడ ఇళ్లకు తెచ్చి చూద్దాం. ఫక్రుద్దీన్ గుట్ట కింద, ఐటీ టవర్ల పక్క బస్తీల్లో, తండ్రి డ్రైవర్, తల్లి అపార్టుమెంట్లలో హౌస్‌కీపింగ్. చాలా ఇళ్లలో పిల్లలకు అందేది ఒకే స్మార్ట్‌ఫోన్, అది అమ్మీ పేరున ఉంటుంది. ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది. దాన్ని చదివేది ఏడో తరగతి కొడుకు. ఆదివారం ట్యూషన్‌లో ఒక అబ్బాయిని, ఖాతా ఎలా తెరిచావని అడిగాను. పుట్టిన సంవత్సరం దగ్గర వేలితో కిందికి లాగుతూ పోయి, 1990 దగ్గర ఆపానని చెప్పాడు. అది వాళ్లమ్మ పుట్టిన ఏడట! దొంగతనం చేసినట్టు కాదు, రేషన్ ఫారం నింపినంత మామూలుగా చెప్పాడు. ఇంట్లో బ్యాంకు మెసేజ్ చదివేదీ, గ్యాస్ బుక్ చేసేదీ వాడే. అలాంటి ఇంట్లో తల్లి సమ్మతి అంటే కొడుకు నొక్కిన బటనే.

ఇంకా గట్టి చట్టాలున్న దేశాల సంగతి చూద్దాం. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఆపింది. దాదాపు 47 లక్షల ఖాతాలు తీసేశారు. అక్కడ శిక్ష కంపెనీలకే, పిల్లలకూ తల్లిదండ్రులకూ లేదు, అది న్యాయం. అయితే తీసేసిన ఖాతాల లెక్క వేరు, బయటికి వచ్చిన పిల్లల లెక్క వేరు. బ్రిటన్‌లో 2025 జులై 25న వయసు తనిఖీ మొదలవగానే, వేరే దేశం నుంచి చూస్తున్నట్టు కనిపించేలా చేసే వీపీఎన్ యాప్‌లను జనం ఎగబడి దించుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో, వయసు నిరూపణ కోసం ఇచ్చినవాటితో సహా సుమారు 70,000 మంది గుర్తింపు కార్డుల ఫోటోలు బయటపడి ఉండవచ్చని డిస్కార్డ్ ప్రకటించింది. మన పిల్లల ఆధార్ కాపీలు ఎన్ని జిరాక్స్ షాపుల్లో, ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాయో తెలిసినవాళ్లకు ఇది పరాయి దేశం కథలా అనిపించదు.

2026 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ కూడా ఆస్ట్రేలియా తరహా చట్టం గురించి ఆలోచిస్తున్నామన్నారు. రావచ్చు, రావాలి కూడా. ఎవరూ అడ్డుకోకపోతే ఆ కంపెనీలు తమంతట తాము ఆగవు. కానీ చట్టం వస్తే ఇంట్లో పని అయిపోయిందనుకునే తల్లిదండ్రులుంటే, అది వాళ్ల పిల్లలకు కీడే చేస్తుంది.

మన రాష్ట్రంలోనే ఇంకో దారి పట్టిన ప్రయత్నం ఒకటుంది. 2021లో తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ కలిసి 1,650 ప్రభుత్వ పాఠశాలల నుంచి 3,300 మంది విద్యార్థులను సైబర్ అంబాసిడర్లుగా తయారుచేసే కార్యక్రమం పెట్టాయి. పిల్లవాడి మాట తోటి పిల్లవాడు వింటాడన్నది అందులోని కిటుకు. తల్లుల కోసం మాత్రం అలాంటిది మన బస్తీలో లేదు.

దాతలకు నా మనవి ఇదే. ఫీజులకు, పుస్తకాలకు మీరిచ్చే జకాత్, సదఖాలకు అల్లాహ్ ప్రతిఫలమిస్తాడు. లాక్‌డౌన్ రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం ఫోన్లు ఇప్పించినవాళ్లూ మీలో ఉన్నారు. ఆ ఫోన్ అమ్మీకి వాడటం మనమెవరమూ నేర్పలేదు. స్క్రీన్ లాక్ ఆమెకే తెలిసి ఉండటం, ఓటీపీ ఆమే చదవగలగడం, ఖాతాలో పుట్టిన తేదీ చూసుకోవడం, ఎవరైనా పిల్లను బెదిరిస్తే 1098కి, డబ్బు పోతే 1930కి ఫోన్ చేయడం: నాలుగు ఆదివారాల పాఠం. చెప్పేవాళ్లు ఆడవాళ్లయి, దక్కనీ ఉర్దూలోనూ తెలుగులోనూ మాట్లాడాలి. మీ ఇళ్లలో గచ్చిబౌలి, రాయదుర్గం ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలు ఎందరో ఉన్నారు. అస్ర్ నమాజు తర్వాత రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్ల పేర్లు సొసైటీ కార్యాలయంలో రాయించండి. గది ఉంది, చాపలు ఉన్నాయి.