నోటి మూల చీలికయు, ఒక ఎంజైము సాక్ష్యమును

బడిపిల్లల నోటి మూలలు చిట్లి, తెల్లబారి, నోరు తెరచినచో మండుట మనమెల్లరము చూచినదే. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందు దానిని "వేడి చేసినది" అని మజ్జిగ త్రాగింతుము. ఆ మజ్జిగలో కొంత మేలు లేకపోలేదు. కారణము మాత్రము వేరు కావచ్చును.

మన ఎర్ర రక్తకణములందు గ్లూటాథయోన్ అను పదార్థము కలదు. ప్రాణవాయువును మోయు ఆ కణములలో హైడ్రోజన్ పెరాక్సైడు వంటి హానికర పదార్థములు నిత్యము పుట్టుచుండును. గ్లూటాథయోన్ తన ఉదజనిని ఇచ్చి వానిని అణచును. ఇచ్చిన పిదప దాని అణువులు రెండేసి గంధకపు ముడితో జతపడి, పనికిరాకుండ పోవును. ఆ ముడిని విప్పి వానిని మరల పనికి పంపు ఎంజైము పేరు గ్లూటాథయోన్ రిడక్టేసు. నోరు తిరుగని పేరే! ఎర్రకణము బ్రతుకు సుమారు 120 దినములు. కేంద్రకము లేదు గనుక క్రొత్త ఎంజైమును చేసికొనజాలదు.

ఈ ఎంజైమునకు బి2 విటమిను, అనగా రైబోఫ్లేవిను, నుండి ఏర్పడు ఎఫ్.ఏ.డి. తోడు కావలెను. అది లేనిచో ఎద్దులేని నాగలివలె ఊరక పడియుండును.

పరీక్షకు ఇదియే ఆధారము. 1918లో కూనూరున మొదలై 1958లో హైదరాబాదునకు తరలిన పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అచ్చటి డాక్టర్ మెహతాబ్ బామ్‌జీ ఈ ఎంజైమునకును, రైబోఫ్లేవిను స్థితికిని గల సంబంధమును గూర్చి 1969లో వ్యాసము ప్రకటించిరి. రక్తమును రెండు పాళ్లు చేసి, ఒకదానిలో ఎఫ్.ఏ.డి. కలిపి, రెంటిలోను ఎంజైము వేగమును కొలుతురు. కలిపినను వేగము పెరుగనిచో లోటు లేదు, 1.4 రెట్లకు మించినచో సాధారణముగ లోటుగా ఎంచుదురు. పుండు కనబడకమునుపే రక్తము ఈ సంగతి చెప్పగలదు.

అయితే ఎంజైము ఇచ్చట సాక్షి మాత్రమే. పుండునకు అదియే కారణమనరాదు. ఇనుము లోటువలనను, శిలీంధ్రములవలనను నోటి మూలలు చిట్లును. మానని పుండును వైద్యునకు చూపవలెను. "ఏమి తింటివిరా" అని బిడ్డను గద్దించుట తగదు.

పాలు, పెరుగు, గ్రుడ్లు, ఆకుకూరలు ఈ విటమినునకు నెలవులు. మన రాగులలో అది తెల్లబియ్యముకంటె ఎక్కువ. వెలుతురు దానికి శత్రువు. గాజు సీసాలో పాలను ఎండలో నుంచరాదు. పప్పు త్వరగా ఉడుకుటకై వేయు సోడాయు దానిని చెరచును. వేడికి మాత్రము అంతగా చెడదు, నీటిలో కరగును. ఆకుకూర ఉడికించి వంచిన నీటిని పారబోయక చారు కాచు గృహిణి, అందు దిగిన విటమినును బిడ్డ కంచములోనికే తెచ్చుచున్నది.