ఒకే ఏరు, వేరు వేరు కాలువలు

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి ఎప్పుడైనా చూశారా? ఎగువన నిండుగా నీళ్లు. ఆ నీళ్లే ఏలూరు కాలువలోకీ, రైవస్ కాలువలోకీ, బందరు కాలువలోకీ పోతాయి. ఏరు ఒకటే, లాకులు వేరు, తూములు వేరు. 1855లో పాత ఆనకట్ట కట్టిననాడూ, 1957లో బ్యారేజీ వచ్చాకా పద్ధతి ఇదే.

కంప్యూటర్లలో వాడే లినక్స్ కూడా ఇలాగే పంపకమవుతుందంటే ఆశ్చర్యపోతారేమో! మాటలు కూడా ఏటివే సుమా. ప్రోగ్రాము రాసేవాళ్లను 'అప్‌స్ట్రీమ్' అంటారు, అంటే ఎగువవాళ్లు. దాన్ని తీసుకొని మనకు అందించేవాళ్లు దిగువవాళ్లు.

1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాసింది కెర్నెల్ ఒక్కటే. కంప్యూటరు యంత్రభాగాలను నడిపే గుండెకాయ అది. గుండెకాయ ఒక్కటీ ఉంటే మనిషి నడుస్తాడా? బొమ్మలు చూపేది, అక్షరాలు దిద్దేది, ఫైళ్లు భద్రపరిచేది, ఇలా వేలాది ప్రోగ్రాములు కావాలి. వాటిని రాసేవారు లోకమంతటా చెల్లాచెదురుగా ఉంటారు. వాటన్నిటినీ పోగుచేసి, ఒకదానికొకటి పొసిగేలా అమర్చి ఇచ్చేదే 'డిస్ట్రిబ్యూషన్'. ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన డెబియన్ అలాంటిది. ఫెడోరా 2003లో వచ్చింది. 2004లో వచ్చిన ఉబుంటు డెబియన్ నుంచి చీలిన పిల్లకాలువ.

మరి తేడా ఎక్కడుంది? మూట కట్టడంలో!

మన తెలుగు ఉదాహరణే చూద్దాం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన 2000, వేమన 2000 అనే రెండు తెలుగు ఫాంట్లు తయారుచేసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని వదిలారు. ఎగువ నీరు అదే. ఫెడోరావారు వాటిని విడివిడిగా రెండు ప్యాకేజీలు చేశారు. డెబియన్‌వారు రెంటినీ కలిపి 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' అని ఒకే మూట కట్టారు. ఫెడోరాలో ఉన్న పేరుతో డెబియన్‌లో వెతికితే దొరకదన్నమాట. డెబియన్‌లోనే 'ఫాంట్స్-తెలుగువిజయం' అని ఇంకో ప్యాకేజీ ఉంది. మన దివిసీమలో అవనిగడ్డకు చెందిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు పెట్టిన 'మండలి' ఫాంటు అందులోదే.

ఫాంటు ఉన్నంత మాత్రాన తెలుగు సరిగా కనబడుతుందా? కనబడదు. 'లక్ష్మి' అన్న మాటలో క, ష, మ మూడూ కలిసి ఒక్క అక్షరం కావాలి. ఆ కలిపే పని హార్ఫ్‌బజ్ వంటి వేరే ప్రోగ్రాములది. అది లేకపోతే ఒత్తులు విడిపోయి, పొల్లులు పొడుచుకువచ్చి కనిపిస్తాయి. అందుకే ప్యాకేజీలో సరుకుతోపాటు ఒక చీటీ కూడా ఉంటుంది. "నేను పనిచెయ్యాలంటే ఫలానావి ముందు ఉండాలి" అని అందులో రాసి ఉంటుంది. దీన్ని 'డిపెండెన్సీ' అంటారు. డెబియన్‌లో ఏపీటీ, ఫెడోరాలో డీఎన్ఎఫ్ ఆ చీటీ చదివి, కావలసినవన్నీ తామే తెచ్చి పెడతాయి. 1993 నాటిదే ఐన స్లాక్‌వేర్ మాత్రం తన ప్యాకేజీల్లో ఈ చీటీ పెట్టదు, చూసుకోవలసింది మీరే!

ఇక మూట కట్టే పనిముట్లు. డెబియన్‌లో ప్రోగ్రాము పక్కనే 'డెబియన్' అనే సంచీ పెడతారు. అందులో వివరాలకు ఒక ఫైలు, తయారీ విధానానికి ఒకటి, మార్పుల చరిత్రకు ఒకటి, హక్కులకు ఒకటి. ఫెడోరాలో ఇవన్నీ 'స్పెక్' అనే ఒకే ఫైలులో రాసి, ఆర్‌పీఎం పనిముట్టుకు అప్పగిస్తారు. ఆర్చ్‌లో 'ప్యాకేజ్‌బిల్డ్' అనే పొట్టి ఫైలు చాలు. నేర్చుకునేవారికి అన్నిటికన్నా తేలిక అదేనని నా అభిప్రాయం. జెంటూవారు చాలావరకు వంటకం పంపరు, వంట చేసే విధానం పంపుతారు. మీ కంప్యూటరే గంటలతరబడి కూర్చుని వండుకుంటుంది.

ఇంత తతంగం ఎందుకు, ఎగువవాళ్లు ఇచ్చింది యథాతథంగా తెచ్చుకుంటే పోలేదా అని అడుగుతారేమో. 2024లో జరిగిన సంగతి వినండి.

ఫైళ్లను కుదించడానికి ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాము ఉంది. డెబియన్ తన ప్యాకేజీలను కుదించేదీ దానితోనే. మారుపేరుతో వచ్చిన ఒకరు రెండేళ్లకు పైగా దానికి సాయంచేసి నమ్మకం సంపాదించి, చివరికి ఎగువనే విషం కలిపారు. ఆ దొంగ భాగం చేసే పని చూడండి: తనను డెబియన్ పద్ధతిలో గానీ, ఆర్‌పీఎం పద్ధతిలో గానీ మూట కడుతున్నారా అని చూసుకొని, అప్పుడే లోపలికి దూరేది! దూరంనుంచి కంప్యూటర్లోకి ప్రవేశించే ద్వారం మీద దాని గురి. నిజానికి ఆ ద్వారం ప్రోగ్రాముకు ఎక్స్‌జెడ్‌తో సంబంధమే లేదు. డెబియన్, ఫెడోరావారు తమ సౌకర్యం కోసం చేర్చుకున్న ఒక చిన్న మార్పు ఆ రెంటినీ కలిపింది. కాలువగట్టుకు సొంతంగా వేసుకున్న తూము వంటిది.

ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ప్రవేశానికి సుమారు అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. అర సెకనే గదా అని ఊరుకోలేదు. తవ్వితే విషం బయటపడింది. మార్చి 29న లోకానికి చెప్పాడు. అప్పటికి అది డెబియన్, ఫెడోరాల పరీక్షా విభాగాల దాకా వచ్చింది. సుమారు రెండేళ్లకోసారి మాత్రమే వెలువడే డెబియన్ 'స్టేబుల్' లోకి చేరనే లేదు. ఫెడోరా ఆరు నెలలకోసారి కొత్తది ఇస్తుంది. ఆర్చ్ ఏ రోజుకారోజు ఇస్తుంది. కొత్తవాటి మీద మోజు ఉన్నవారికి అవి బాగుంటాయి. బడిలో ఇరవై కంప్యూటర్లు నడపాలంటే మాత్రం నేను నిదానంగా పారే కాలువనే ఎంచుకుంటాను.

మీ బడిలో డెబియన్ గానీ ఉబుంటు గానీ ఉంటే ఒక పని చెయ్యండి. 'యూఎస్ఆర్' సంచీలో 'షేర్', అందులో 'డాక్' తెరవండి. ప్రతి ప్యాకేజీకీ అక్కడ ఒక సంచీ ఉంటుంది. అందులో 'కాపీరైట్' ఫైలు చదవండి. ఎగువన దాన్ని రాసిందెవరో, మీరు దాన్ని ఏమేం చేసుకోవచ్చునో తెలుస్తుంది. పక్కనే ఉన్న 'చేంజ్‌లాగ్' లో మూట కట్టినవారి పేర్లు, తేదీలు ఉంటాయి. ఒక అయిదు ప్యాకేజీలకు చూసి నోటుపుస్తకంలో రాసుకోండి.